బండి విడుదలకు మూడు తెరలు

మా సింగవరపుపేటలో కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. వీధి దీపాలు పండగలకి వెలుగుతాయి. అయినా ఊరికి ఇంకేదో లోటు ఉందని మా మునిసిపల్ కమిషనర్ గరుడాచలం గారికి ఎప్పుడూ అనిపిస్తూ ఉండేది. ఆ లోటు ఏమిటో రాజధానిలో జరిగిన శిక్షణా తరగతుల్లో ఆయనకి తెలిసింది. మా ఊరికి సొంత ఓటీటీ లేదు.

మురుగు కాలువల గురించి మాట్లాడుతూ వెళ్ళిన మనిషి, కంటెంట్ గురించి మాట్లాడుతూ తిరిగొచ్చారు. వచ్చిన రోజే మీటింగు పెట్టారు.

"ప్రజలు నీళ్ళు లేవని ఆఫీసు మీదకి వస్తున్నారు. ఎందుకు వస్తున్నారు? ఇంట్లో కూర్చుని చూడటానికి ఏమీ లేక వస్తున్నారు. మూలకారణం అర్థం చేసుకోవాలి మనం" అన్నారు.

మేము అర్థం చేసుకున్నట్టు తలలు ఊపాం. నెల తిరిగేసరికి 'పురవీక్షణం' పుట్టింది. అందులో ఒకే ఒక సినిమా ఉంది. పేరు 'నా బండి – నా బాధ్యత'. తోపుడు బండ్ల వాళ్ళకి పరిశుభ్రత నేర్పే చిత్రం. మొదట కమిషనర్ గారు దీపం వెలిగిస్తారు. ఆ వెలిగించడం నాలుగు వైపుల నుంచీ చూపిస్తారు. తరవాత ఆయన సందేశం. ఆ తరవాత ఒకాయన సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. మిగతా సినిమా అంతా ఆయన కడుక్కుంటూనే ఉంటాడు.

ఒక్క సినిమా ఉన్న ఓటీటీని ఎవరు చూస్తారండీ అని మా మేనేజర్ సూర్యభగవాన్ గారు అడగలేదు. ఆయన సర్వీసులో ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగలేదు. మేనేజర్ అయింది అందుకే. నేను అడుగుదామనుకుని నోరు తెరిచాను. అప్పటిదాకా జనన మరణాల సెక్షన్లో గుమాస్తాగా ఉన్నవాణ్ణి, ఆ సాయంత్రానికి వీక్షణ విభాగంలో ఉన్నాను.

"ఏమయ్యా భీమశంకరం, ఇన్నాళ్ళూ పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ చూశావు. ఇక ఉన్నవాళ్ళని చూడు" అన్నారు మేనేజర్ గారు, ఓదార్పుగా.

నా చేత్తో నేనే టైపు చేసిన మొదటి సర్క్యులర్ ఇది: "సదరు చలనచిత్రమును పట్టణమందలి ప్రతి తోపుడు బండి యజమానియు ఫోను, టీవీ, కంప్యూటరు అను మూడు పరికరములపై విడివిడిగా ప్రారంభించి, ఆద్యంతము వీక్షించి, పదిహేను దినములలోగా వీక్షణ ధ్రువపత్రము పొందవలెను. పొందని యెడల సదరు బండి స్వాధీనపరచుకొనబడును."

ఒకే సినిమాని మూడు తెరల మీద ఎందుకు చూడాలి అంటే, పైనుంచి వచ్చే రివ్యూలో మనుషుల లెక్క అడగరు, పరికరాల లెక్క అడుగుతారు. ఒక మనిషిని మూడు తెరల ముందు కూర్చోబెడితే ముగ్గురు కూర్చున్నట్టే. ఇంత తేలిక ఉపాయం ఉండగా ముగ్గురు మనుషుల కోసం ఎవరు తిరుగుతారు?

ఆ సర్క్యులర్‌ని కాగితం ఆదా చేసే ఉద్దేశంతో పురవీక్షణంలోనే పెట్టారు. దాంతో, పురవీక్షణం చూడనివాళ్ళెవరికీ పురవీక్షణం చూడాలన్న సంగతి తెలియలేదు. గడువు దాటిన మర్నాడు బండ్లు పట్టుకోవడానికి ట్రాక్టరు బయలుదేరింది. ట్రాక్టరులో ఉన్న డీజిలు ఒక్క బండికే సరిపోయింది. అది ఆఫీసు గేటుకి ఎదురుగా, ప్రభుత్వాసుపత్రి మూల మీద ఉండే వీరవేణి పెసరట్టు బండి.

*

వీరవేణి కొంగు బిగించి నా బల్ల ముందుకి వచ్చింది. గట్టిగా అరవడానికే వచ్చింది గాని, రోజూ తన దగ్గర తినే మొహాలే చుట్టూ కనబడేసరికి గొంతు తగ్గించింది.

"ఏవండీ గుమాస్తా గారూ, నా బండేం పాపం చేసిందండీ? మొన్ననే కదండీ చక్రాలకి గ్రీజు పెట్టించాను."

"సినిమా చూడలేదమ్మా నువ్వు."

"సినిమా చూడకపోతే బండి పట్టుకెళ్ళిపోతారాండీ?" అంది. కాస్సేపు ఆలోచించి, "మా అమ్మాయి పోయిన ఆదోరం మ్యాట్నీకి వెళ్ళొచ్చిందండి. అది సరిపోదాండీ?" అని అడిగింది.

సరిపోదని చెప్పి విషయం వివరించాను. మూడు తెరలూ, మూడుసార్లూ. ఆవిడ నా మొహం కేసి చూసింది. నేను వేళాకోళం ఆడటం లేదని తెలుసుకున్నాక బెంచీ మీద కూలబడింది.

"అయితే తొరగా చూపించేయండి బాబూ. ఆ మూల నాకు మా అత్తగారి నాటి నుంచీ ఉందండి. కొన్నాళ్ళు బండి కనపడకపోతే చాలు, నూడుల్సు వాడు ఒకడు కాసుక్కూచున్నాడు. ఇటుకలేసి జాగా పట్టేసుకున్నాడంటే ఇంక నేను ఏ గుమ్మం ముందు పెట్టుకోనండీ?"

ఆవిడకి బండి అంటే ఆ మూల. ఆ మూల పోతే బండి ఉన్నా ఇనపసామానే. ఇది నాకు అర్థమైంది. ఎదురుగా ఉన్న మేనేజర్ గారికి కూడా అర్థమైంది. బండి పట్టుకొచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులే తింటున్నారు. అయినా రూలు రూలే కదా, అని ఆయన మొహమే చెప్పింది.

ముందు ఫోను. వీరవేణిది బొత్తాల ఫోను. కూతురి ఫోను తెప్పించింది. ఖాతా తెరవడానికి సూర్యభగవాన్ గారు స్వయంగా కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. పేరు రాశారు. పుట్టిన తేదీ దగ్గర ఆగారు.

"ఎప్పుడు పుట్టావమ్మా?"

"వరదొచ్చిన ఏడండి."

"ఏ వరద?"

"పెద్ద వరదండి."

మా ఆఫీసులో గడి ఏదీ ఖాళీగా ఉండకూడదు. ఖాళీ ఉంటే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు. తెలియని తేదీ ఉన్న చోట ఆ రోజు తేదీ వెయ్యడం మాకు తాతల నాటి పద్ధతి. చెత్తబుట్టలు ఎప్పుడు కొన్నారో తెలియకపోతే ఆ రోజు తేదీ వేస్తాం. కూలిన గోడ ఎప్పుడు కట్టారో తెలియకపోయినా అంతే. మేనేజర్ గారు అలవాటు కొద్దీ ఆ రోజు తేదీ వేశారు.

ఫోను ఆనందంతో ఒక గంట కొట్టింది. తెర మీద రంగు బుడగలు ఎగిరాయి. పుట్టి పూట కూడా గడవని వీరవేణిని పురవీక్షణం పిల్లల విభాగంలోకి ఎత్తుకుని వెళ్ళింది. అక్కడ సినిమా లేదు, ఒకే ఒక బొమ్మ ఏనుగు ఉంది. అది పళ్ళు తోముకుంటోంది.

"ఇదేనాండీ సినిమా? బాగుందండి" అంది వీరవేణి.

ఇది కాదు, పెద్దవాళ్ళ వైపు వెళ్ళాలి. వెళ్ళాలంటే సంరక్షకుల అనుమతి కావాలని తెర అడిగింది. తేదీ మార్చేద్దామన్నాను నేను. మేనేజర్ గారు నా వైపు జాలిగా చూశారు. "ఒకసారి నమోదైన పుట్టుకని మార్చాలంటే జిల్లా కోర్టుకి వెళ్ళాలయ్యా. జనన మరణాల సెక్షన్లో పనిచేశావు, నీకు తెలియదా?" అన్నారు. తెలుసు.

"అమ్మా, మీ నాన్నగారిని ఒకసారి తీసుకురా" అన్నారు ఆవిడతో.

"మా నాన్న పోయి చాన్నాళ్ళయిందండి. నాకు మనవడు పుట్టాడండి బాబూ."

"మనవడి సంగతి తరవాత. ప్రస్తుతం నువ్వు మైనరువి. అనాథవి కూడా."

అనాథ మైనర్ల విషయం కమిషనర్ గారి దాకా వెళ్ళింది. ఆయన చాలా చలించిపోయారు. పురపాలక పరిధిలో దిక్కులేని బిడ్డలకి తానే దిక్కని ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు ఇచ్చి, వీరవేణికి సంరక్షకుడయ్యారు. ఆయనకి ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. ఫోటో కూడా తీశారు. ఫోటోలో కమిషనర్ గారు ఆవిడ తల మీద చెయ్యి పెట్టడానికి కొంచెం సందేహిస్తూ ఉంటారు. ఆవిడ తల వంచి సాయం చేస్తూ ఉంటుంది.

"సల్లగా ఉండు నాయనా" అంది, అలవాటు కొద్దీ.

ఆ విధంగా మొదటి తెర గట్టెక్కింది. ఫోనులో సినిమా అంతా చూసింది. చూసి నాతో అన్న మాట ఒక్కటే. "ఆ బాబు సేతులు ఇంకా కడుగుతానే ఉన్నాడండి. అన్ని నీళ్ళు ఎక్కడివండీ? మనకి రోజు మార్చి రోజు కదా."

*

రెండో తెర టీవీ. ఆఫీసు ఆవరణలోనే ఉన్న గరాజు హాల్లో కొత్తది పెట్టారు. కొత్త వస్తువు కాబట్టి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరి నీళ్ళు రిమోటులోకి వెళ్ళాయి. అది ఆరేదాకా ఒక రోజు ఆగాం.

టీవీ పెట్టగానే తెర మీద కొన్ని అక్షరాలూ అంకెలూ కలిపి ఒక కోడు వచ్చింది. దాన్ని ఫోనులో కొడితే టీవీకి ఖాతా అతుక్కుంటుంది. కోడు కాస్సేపే ఉంటుందని కిందనే రాసి ఉంది. వీరవేణి కూతురు ఫోను పట్టుకుని గబగబా కొట్టబోయింది.

"ఆగమ్మా!" అని సూర్యభగవాన్ గారు అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "ఆ టీవీ ఎవరిది? ఆఫీసుది. ఆఫీసు నుంచి బయటివాళ్ళకి ఏ సమాచారం వెళ్ళాలన్నా పద్ధతి ఉంది. చూసేసి కొట్టేస్తే ఇంక మేము ఎందుకు?"

పద్ధతి ఇదీ. కోడుని నేను కాగితం మీద ఎక్కించాలి. దానికి టపా సెక్షన్లో నంబరు పడాలి. నేను నోటు పెట్టాలి. "టీవీ తెరపై వెలువడిన కోడును లబ్ధిదారుకు తెలియజేయుటకు అనుమతి కోరడమైనది." మేనేజర్ గారు చిన్న సంతకం పెట్టి పైకి పంపాలి. కమిషనర్ గారు ఆకుపచ్చ సిరాతో పెద్ద సంతకం పెట్టి కిందకి పంపాలి. అప్పుడు నేను వీరవేణికి చెప్పాలి.

మర్నాడు చెప్పాను. గడువు ముగిసిందని ఫోను చెప్పింది.

టీవీ కొత్త కోడు ఇచ్చింది. దానికి కొత్త నంబరు పడింది. మళ్ళీ నోటు, మళ్ళీ సంతకాలు, మళ్ళీ గడువు ముగిసింది. ఆ వారమంతా టీవీ కోడులిస్తూనే ఉంది, మేము ఫైలు కడుతూనే ఉన్నాం. కమిషనర్ గారికి ఓపిక పోయింది. కోడు గడువు పదే పదే ఎందుకు ముగుస్తున్నదో సంజాయిషీ ఇవ్వవలసిందిగా మెమో జారీ చేశారు. ఎవరికి ఇవ్వాలో ఆయన చెప్పలేదు. నేను టీవీకి అంటించాను. సంజాయిషీ రాలేదు. రాకపోవడాన్ని ధిక్కారంగా ఫైల్లో రాసుకున్నాం.

వీరవేణి మాత్రం ప్రతి ఉదయం వస్తూనే ఉంది. బండి హాలు కిటికీలోంచి కనబడుతూనే ఉంటుంది, ఆవరణలో వేపచెట్టుకి తాడుతో కట్టేసి. వచ్చేటప్పుడు దాని దగ్గర ఆగి, పెనం మీద పడ్డ ఆకులు దులిపి లోపలికి వచ్చేది.

"రాత్రి పెసలు నానేసే వస్తన్నానండి, ఇయ్యాల ఇచ్చేస్తారేమోనని. ఇయ్యకపోతే పారబోయలేం కదండీ. మా ఇంట్లో మూడు పూటలా అట్లేనండి. మా అల్లుడు అట్టుని చూస్తే అటు తిరిగి పడుకుంటన్నాడండి" అని ఒకరోజు నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక టీవీ మీద మండిపడ్డాను.

చివరికి కమిషనర్ గారికే ఉపాయం తట్టింది. కోడు ఫైలు దగ్గరికి రాలేకపోతోంది. కాబట్టి ఫైలే కోడు దగ్గరికి వెళ్ళాలి. మర్నాడు ఆఫీసు ఆఫీసంతా గరాజు హాలుకి కదిలింది. టీవీ ముందు వరసగా కుర్చీలు వేశారు. మొదటి కుర్చీలో నేను, తరవాత టపా గుమాస్తా, తరవాత మేనేజర్ గారు, ఆ చివర కమిషనర్ గారు, ఆయన పక్కన ఫోను పట్టుకుని వీరవేణి. తెర మీద కోడు వెలిగింది. నేను రాశాను, టపా గుమాస్తా నంబరు వేశాడు, మేనేజర్ గారు గీత గీశారు, కమిషనర్ గారు సంతకం చేసి కాగితం వీరవేణి చేతిలో పెట్టారు. విందులో విస్తరి మీద వడ్డన జరిగినట్టు జరిగింది. టీవీకి ఖాతా అతుక్కుంది. హాలంతా చప్పట్లు కొట్టారు. పరిపాలనా సంస్కరణల్లో ఇది ఒక మైలురాయి అని కమిషనర్ గారు అన్నారు. వీరవేణి ఆ కాగితం చూడనే లేదనీ, ఎదురుగా తెర మీదే చూసి కొట్టిందనీ నేనెవరికీ చెప్పలేదు.

*

సినిమా మొదలైంది. దీపం వెలిగాక తెర ఆగి, "ఇంకా చూస్తున్నారా?" అని అడిగింది. చూస్తున్నానని వీరవేణి బొత్తాం నొక్కబోయింది. తన గురించి తనే ధ్రువీకరించుకోవడం కుదరదన్నారు మేనేజర్ గారు. ఆ ధ్రువీకరణ కోసం నన్ను నియమించారు. ఆవిడ తెర వైపు చూస్తుంటే, నేను ఆవిడ వైపు చూస్తూ, తెర అడిగినప్పుడల్లా "అవును, చూస్తున్నది" అని నొక్కాలి. నేను ఆవిణ్ణి సరిగా చూస్తున్నానో లేదో అప్పుడప్పుడూ మేనేజర్ గారు వచ్చి చూసేవారు.

చేతులు కడిగే చోట ఆవిడకి గొంతు తడారిపోయి, మంచినీళ్ళకి లేచింది. కూజా దగ్గరికి వెళ్ళి వచ్చి కూర్చుంది. దీని మీద పెద్ద చర్చ నడిచింది. మధ్యలో లేచిన మనిషి సినిమా చూసినట్టా, చూడనట్టా? సాయంత్రానికి కమిషనర్ గారు తీర్పు ఇచ్చారు.

"ఆద్యంతము అంటే ఏమిటి? ఆది నుంచి అంతము దాకా. మధ్యలో లేచిన మనిషికి ఆదీ లేదు, అంతమూ లేదు. ఇకపై వీక్షణ సమయంలో ఎవరు లేచినా, ఎందుకు లేచినా, మళ్ళీ మొదటి నుంచీ చూడవలసిందే. ఇందులో చిన్నా పెద్దా లేదు. నేనైనా సరే."

నేనైనా సరే అన్న మాటని ఫైల్లో విడిగా అండర్‌లైన్ చేయించారు.

ఆవిడ మళ్ళీ మొదటి నుంచీ చూసింది. కరెంటు పోయింది. కరెంటు పోతే మనిషి లేచినట్టా, సినిమా లేచినట్టా అన్నది తేలక మళ్ళీ మొదటి నుంచీ చూసింది. ఆ తరవాత కంప్యూటరు మీద చూసింది. కమిషనర్ గారి సందేశం ఆవిడకి నోటికి వచ్చేసింది. ఆయన తెర మీద "ప్రియమైన బండి సోదర సోదరీమణులారా" అనకముందే ఆవిడ అనేసేది. ఎట్టకేలకు ఒక సాయంత్రం మూడు తెరలూ పూర్తయి, ధ్రువపత్రం అచ్చయి బయటికి వచ్చింది. బండి విడుదల ఉత్తర్వు టైపు చేసి ఉంచాను. కమిషనర్ గారి సంతకం ఒక్కటే తరువాయి. ఆయన రివ్యూలో ఉన్నారు. వీరవేణిని రేపు పొద్దున్నే రమ్మన్నాను.

ఆ రివ్యూలోనే కొంప మునిగింది. సింగవరపుపేట వీక్షకుల సంఖ్య ఎంత అని పైవాళ్ళు అడిగారట. మూడు అని కమిషనర్ గారు గర్వంగా చెప్పారట. ఆ ముగ్గురూ ఒకే మనిషి అని పైవాళ్ళు కనిపెట్టేశారట. మీ సిబ్బంది అయినా చూశారా అని అడిగారట.

మర్నాడు ఆఫీసు తెరవగానే అందరినీ గరాజు హాల్లో కూర్చోబెట్టారు. ఆ రోజే చూడాలి, చూడనివాళ్ళకి ఇంక్రిమెంటు ఆగిపోతుంది. ముందు వరసలో కమిషనర్ గారు, పక్కన మేనేజర్ గారు, వెనకాల మేమందరం. వాచ్‌మన్ నూకరాజుకి గేటు దగ్గరే స్టూలు వేసి, చేతిలో ఫోను పెట్టి అందులో చూడమన్నారు. ఎవరూ టిఫిను చేసి రాలేదు. చెయ్యడానికి ఎదురుగా బండి ఎక్కడుంది?

దీపం వెలిగింది. సందేశం అయింది. చేతులు కడగడం మొదలైంది. ఇంతమంది ఒక్కసారి చూసేసరికి తట్టుకోలేక కాబోలు, సినిమా ఆగిపోయి తెర మీద గుండ్రటి సున్నా ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

మేము సున్నాని చూస్తున్నాం. సున్నా కూడా సినిమాలో భాగమేనా అని ఎవరో అడిగారు. భాగమేనని కమిషనర్ గారు తల తిప్పకుండా చెప్పారు. ఎండెక్కింది. సున్నా తిరుగుతూనే ఉంది. ఎవరి కడుపులోనో గట్టిగా చప్పుడైంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు వచ్చింది వీరవేణి, ధ్రువపత్రం పట్టుకుని.

"అయ్యా, సంతకం ఒక్కటే మిగిలిందన్నారండి."

కమిషనర్ గారు కళ్ళు తెర మీద నుంచి తియ్యకుండానే అన్నారు. "సంతకం చెయ్యాలంటే కాగితం చూడాలమ్మా. కాగితం చూస్తే సినిమా చూడనట్టు. అయిపోగానే చేస్తాను."

"ఎప్పుడవుద్దండీ?"

సున్నా ఒక చుట్టు తిరిగింది. ఆ సమయంలో ఆవిడ కొంగులో ఉన్న బొత్తాల ఫోను మోగింది. కూతురు. అవతలి గొంతు హాలంతా వినబడింది. "అమ్మా, నూడుల్సోడు ఇటుకలు దింపేస్తన్నాడే! ఆసుపత్రి మూల మీదే! తొరగా రాయే!"

వీరవేణి ఫోను కొంగులో దోపుకుంది. మా అందరి వైపూ చూసింది. మేమందరం సున్నా వైపు చూస్తున్నాం. ఆవిడ గిర్రున తిరిగి బయటికి నడిచింది.

కిటికీలోంచి వేపచెట్టు కనబడుతోంది. ఆవిడ తాడు ముడి విప్పింది. బండి వెనక్కి లాగి, గేటు వైపు తిప్పింది.

"ఎవర్రా అక్కడ! బండి తీసుకుపోతోంది! పట్టుకోండి!" అన్నారు కమిషనర్ గారు, కూర్చునే.

"పట్టుకోవాలంటే లేవాలండి" అన్నారు మేనేజర్ గారు, ఆయన కూడా కూర్చునే.

"నూకరాజూ! గేటు వెయ్యి!"

"లేస్తే ఇంక్రిమెంటు పోద్దండీ!" అని గేటు దగ్గర స్టూలు మీద నుంచి నూకరాజు కేక వినబడింది.

ఇరవై మంది ప్రభుత్వోద్యోగులం, కమిషనర్ గారితో సహా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా బండి గేటు దాకా వెళ్ళింది. గేటు కింద ఇనప పట్టా ఒకటి ఎత్తుగా ఉంటుంది. బండి ముందు చక్రం దానికి తగిలి ఆగింది. ఆవిడ నెట్టింది. కదల్లేదు. భుజం ఆనించి నెట్టింది. చెప్పులు జారాయి. వెనక్కి తిరిగి హాలు కేసి చూసి, "ఒక చెయ్యి వెయ్యండి బాబూ ఎవరైనా! ఒక్క చెయ్యి!" అని అరిచింది.

ఎవరూ కదల్లేదు. నాకు సిగ్గేసింది. ఆవిడ ప్రతి ఉదయం ఆకులు దులపడం చూసిన కళ్ళతో ఆ సున్నాని చూస్తూ ఎలా కూర్చున్నానా అని ఏడుపొచ్చినంత పనైంది. ఇంక్రిమెంటు గురించి ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఒక్క క్షణానికి కూడా సిగ్గేసింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

"ఎవరది లేచింది? భీమశంకరమేనా? మొదటి నుంచీ చూడాలి తెలుసా?" అన్నారు కమిషనర్ గారు.

"చూస్తానండి" అని బయటికి పరిగెత్తాను.

ఇద్దరం కలిసి ఎత్తితే చక్రం పట్టా దాటింది. నూకరాజు ఫోను మొహానికి అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూడనట్టు కూర్చున్నాడు. రోడ్డు దాటి మూల మీదకి తోశాం. నూడుల్సు వాడు అప్పటికి ఒక వరస ఇటుకలే పేర్చాడు. వీరవేణి వాడితో మాటా పలుకూ లేకుండా బండి తీసుకెళ్ళి ఆ ఇటుకల మీదకే ఆనించింది. వాడు ఆవిడ మొహం చూశాడు, ఒకటొకటిగా ఇటుకలు ఏరుకున్నాడు. కూతురు రుబ్బిన పిండి గిన్నె నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. స్టవ్వు అంటించారు. పెనం మీద నూనె పడింది. మొదటి అట్టు నాకే వేసింది. అల్లం చట్నీ ఇంకా చెయ్యలేదని, పచ్చి అల్లమే సన్నగా తరిగి పైన చల్లింది. అంత రుచైన అట్టు నేను పుట్టాక తినలేదు.

నేను మళ్ళీ హాలుకి వెళ్ళేసరికి నా వెంట వాసన కూడా వచ్చింది. సున్నా ఇంకా తిరుగుతోంది. నా కుర్చీలో కూర్చోబోతుంటే ముందు వరసలోంచి సూర్యభగవాన్ గారు, తెర మీద నుంచి చూపు మరల్చకుండా, గుసగుసగా పిలిచారు.

"భీమశంకరం, నువ్వెలాగూ లేచేశావు కదయ్యా. నీకు పోయేదేం లేదు. నాకొక ఉప్మా పెసరట్టు పార్శిలు తెచ్చిపెట్టు."

వెనక వరసల్లోంచి నాకూ, నాకూ అని గొంతులు లేచాయి. కమిషనర్ గారు చూపు సున్నా మీదే ఉంచి, చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించారు. ఉల్లిపాయలు వద్దని ఇంకో సైగ చేశారు.

వెళ్ళి చెప్పాను. వీరవేణి అట్టు తిరగేస్తూ విన్నది. అట్లకాడ పెనం అంచుకి కొట్టి దులుపుకుంది.

"పార్శిల్లేదని చెప్పండి. కావాల్సినోళ్ళు లేచి రావాలండి."

తిరిగి వెళ్ళి, ముందు వరసకి ఎదురుగా నిలబడి, ఆవిడ అన్న మాట అన్నట్టే చెప్పాను. వాసన కిటికీలోంచి వస్తూనే ఉంది. తెర మీద సున్నా తిరుగుతోంది. సూర్యభగవాన్ గారు కమిషనర్ గారి వైపు చూడలేదు, కమిషనర్ గారు సూర్యభగవాన్ గారి వైపు చూడలేదు. అప్పుడు ముందు వరసలో ఒక కుర్చీ కిర్రుమంది.